పోర్చుగీసు మాట్లాడటం రావాలంటే రిమోట్ కోసం కొట్లాడండి

మీ ప్రశ్న చదివానండీ. ఆగస్టులో బ్రెజిల్‌లోని సావో పాలో వెళ్ళాలి, అక్కడి భాష పోర్చుగీసు కాబట్టి యాప్‌లో 210 రోజులు ఒక్కరోజు కూడా తప్పకుండా చేశారు, చదివితే అర్థమవుతోంది, తీరా ఆన్‌లైన్ టీచర్ ముందు కూర్చుంటే నోరు పెగల్లేదు, మీ ఆవిడ కూడా మీతోపాటే నేర్చుకుంటున్నారు, రోజూ రాత్రి ఇద్దరూ బ్రెజిల్ సిరీస్‌లు చూస్తున్నారు, అయినా మాట రావట్లేదు కాబట్టి ఇంకా ఏం చూడాలో చెప్పమన్నారు. ఏం చూసినా రాదండీ. చూస్తే వినడం వస్తుంది, అంతే. మాట రావాలంటే టీవీ పెట్టకముందు "ఇవాళ ఏం చూద్దాం" అని ఇద్దరూ తన్నుకునే ఓ పావుగంట ఉంటుంది చూడండి, దాన్ని పోర్చుగీసులో చెయ్యండి. తర్వాత సినిమా చూసినా సరే, మధ్యలో నిద్రపోయినా సరే.

జోక్ చేస్తున్నా అనుకోకండి, నాకు భాష వచ్చింది అచ్చంగా అలాగే. నేను 2012లో కంపినాస్ వచ్చాను, సావో పాలోకి ఓ వంద కిలోమీటర్లు ఉంటుంది. ఆఫీసులో అందరూ ఇంగ్లీషే కాబట్టి అక్కడ ఏమీ రాలేదు. ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను, ఆవిడకి డెబ్బై దగ్గర పడ్డాయి, పదహారేళ్ళ మనవడు కూడా అక్కడే ఉండేవాడు, ముగ్గురికీ కలిపి హాల్లో ఒకటే టీవీ. ఆవిడకి రాత్రి తొమ్మిదింటి నోవెలా కావాలి, నోవెలా అంటే మన డైలీ సీరియలే, కాకపోతే మనవాటిలా ఏళ్ళ తరబడి సాగదు, సోమవారం నుంచి శనివారం దాకా వేసి ఏడెనిమిది నెలల్లో ముగించేస్తారు. మనవడికి ఫుట్‌బాల్. సరిగ్గా అదే టైముకి ఇంకో ఛానెల్లో మ్యాచ్ మొదలయ్యేది. నాకేమో ఏదైనా ఒకటే, కానీ ఊరికే కూర్చుంటే ఎలా అని నేనూ గొడవలో దూరేవాణ్ణి. ఆ ఏడాది దేశమంతా ఒకే నోవెలా పిచ్చిలో ఉంది, అక్టోబర్‌లో చివరి భాగం వచ్చిన శుక్రవారం మా ఆఫీసు సాయంత్రానికే ఖాళీ అయిపోయింది, అలాంటి టైములో ఆవిడ చేతిలోంచి రిమోట్ లాక్కోవడమంటే మాటలు కాదు.

మొదటి వారంలోనే ఒక దెబ్బ తిన్నాను. మనవడు నన్ను ముందుకి తోశాడు, నువ్వు అడుగు, కొత్తవాడివి కదా కాదనదు అని. నేను పుస్తకంలో చదువుకున్న వాక్యం జాగ్రత్తగా పేర్చుకుని "వామూస్ వేర్ ఉ జోగు?" అన్నాను, మ్యాచ్ చూద్దామా అని. ఆవిడ నవ్వుతూ "వామూస్ వేర్..." అంది, చివర్లో కాస్త సాగదీసి. ఒప్పుకుందని నేను ఎగిరి గంతేసినంత పని చేసి సోఫాలో సెటిలయ్యాను. ఆవిడ నోవెలా పెట్టింది. నాకు అర్థం కాలేదు, మనవడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. తర్వాత తట్టింది, వామూస్ వేర్ అంటే "చూద్దాం". మనం అనమూ? "నాన్నా సినిమాకి వెళ్దామా" అంటే "చూద్దాంలే" అంటాం, అంటే వెళ్ళట్లేదు అని. అచ్చం అదే మాట, అదే సాగదీత, అదే ఎగవేత. పదివేల మైళ్ళ అవతల మా అమ్మమ్మ కూర్చున్నట్టు అనిపించింది. ఆ రోజు నుంచి నాకు ఆ భాష అంటే భయం పోయింది.

ఇక ఎందుకు పనిచేస్తుందో చెప్తా. యాప్‌ని తిట్టను, పదాలు నేర్పుతుంది, కానీ "ఏనుగు నారింజపండు తింటోంది" అనే వాక్యం మీద ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు కదా. ఏం చూడాలనే గొడవ రోజూ వస్తుంది, రోజూ అవే ముప్పై నలభై మాటలు, అయినా ఏ రోజూ అచ్చం నిన్నటిలా ఉండదు, అవతలివాళ్ళు ఏమంటారో తెలీదు కాబట్టి ముందే వాక్యం కట్టుకుని కూర్చోలేరు, ఆలస్యం చేస్తే రిమోట్ పోతుంది. పైగా ఓడిపోయినా పోయేదేం లేదు. టీచర్ ముందు తప్పు పలికితే సిగ్గేస్తుంది, పెళ్ళాం ముందు తప్పు పలికితే ఆవిడ వెక్కిరిస్తుంది, మీరు తిరిగి వెక్కిరిస్తారు, ఆ వెక్కిరింత కూడా పోర్చుగీసులో చెయ్యాలి అదీ రూలు.

ఇవాళ రాత్రికి సరిపడా మాటలు ఇస్తున్నా, తెలుగులో రాస్తే పలకడం ఈజీ. "ఓజి ఎ మీఞ వేస్" అంటే ఇవాళ నా వంతు. దీంతో మొదలెట్టండి. అవతలివాళ్ళు "ఆ నావఁ, జి నోవు నావఁ!" అనాలి, అబ్బా మళ్ళీనా, వద్దు అని. "నేయ్ఁ పెన్సార్" అంటే ఆ ఆలోచనే పెట్టుకోకు. "ఫాల సేరియు!" అంటే మన "ఛా, నిజంగానా" లాంటిది, అక్షరాలా చూస్తే సీరియస్‌గా మాట్లాడు అని, కానీ అనేది విసుగుతో. "ఎ మూయ్ంతు షాతు", మహా బోరు. సినిమా చెత్త అని చెప్పాలంటే "ఎ ఉమ బోంబ", అది బాంబు, మన దగ్గర సినిమా బాంబులా పేలింది అంటే హిట్టో ఫట్టో అడగాలి గానీ అక్కడ మాత్రం ఫట్టే. బతిమాలడానికి "సో ఉమ్ పొకీఞు", కొంచెమే, ఒక్క కొంచెం. ఒప్పందం కుదిరితే "కొంబినాదు". ఓడిపోయి నిట్టూరుస్తూ "ఇంతావఁ తా", సరేలే అయితే.

రెండు మాటల దగ్గర జాగ్రత్త. "తాంతు ఫాస్" అంటే ఏదైనా ఒకటే. "పోజి సేర్" అంటే అదైనా ఓకే. నేను మర్యాదగా ఉంటుందని ఆవిడ ఏం పెట్టనా అని అడిగినప్పుడల్లా తాంతు ఫాస్ అనేవాణ్ణి, ఓ నెల తర్వాత మనవడు చెప్పాడు, నువ్వు అలా పొడిగా అంటుంటే మా వో నీకు ఇక్కడ ఉండటం ఇష్టం లేదేమో అనుకుంటోంది అని. వో అంటే బామ్మ. మనం కూడా అంతే కదా, భోజనానికి ఏం చెయ్యమంటావ్ అంటే "ఏదో ఒకటి" అన్నవాణ్ణి ఇంట్లో ఎవరు క్షమిస్తారు. అప్పట్నుంచి పోజి సేర్ అనేవాణ్ణి, ముఖం మారిపోయేది ఆవిడకి. ఇంకోటి, "పొయిస్ నావఁ" అని షాపులో ఎవరైనా మిమ్మల్ని పలకరిస్తే లేదు పొమ్మంటున్నారని వెనక్కి తిరిగి వచ్చేయకండి, చివర కాదు అనే మాట ఉన్నా దాని అర్థం "చెప్పండి, ఏం కావాలి" అని. "పొయిస్ సీఁ" అన్నారంటే మాత్రం, అవును అనే మాటతో ముగిసినా, "ఆఁ అవుతుంది లే చూస్కో" అనే వెటకారం. మా గొడవల్లో పొయిస్ సీఁ రోజుకి నాలుగుసార్లు వినపడేది.

మీకు తెలీని సంగతి ఇంకోటి ఏంటంటే తెలుగువాళ్ళకి ఈ భాష పలకడం ఇంగ్లీషువాళ్ళకన్నా సులువు. వాళ్ళు త ని ట అంటారు, మనకి త, ద ఉన్నాయి కాబట్టి తాంతు అని శుభ్రంగా వస్తుంది. ఇ ముందు మాత్రం బ్రెజిల్లో చాలాచోట్ల తి కాస్తా చి, ది కాస్తా జి అయిపోతుంది, అందుకే అక్షరాల్లో జెంతె అని ఉన్నది జెంచి అంటారు. ఇక బళ్ళో అక్షరాలు దిద్దినప్పుడు ఞ అని ఒకటి దిద్దాం గుర్తుందా, జ్ఞానం అని రాసేటప్పుడు కూడా దాన్ని సరిగ్గా పలకం, ఎందుకు దిద్దామో కూడా ఎవరూ చెప్పలేదు. అది దీనికోసమే. అమఞాఁ అంటే రేపు, మీఞ అంటే నాది. ఇంకొకటి అరసున్న, పాత పద్యాల పుస్తకాల్లో తప్ప ఎక్కడా కనపడదు, ఇక్కడ ప్రతి రెండో మాటలో ఉంటుంది. నావఁ అనేటప్పుడు చివర మ్ అని పెదాలు మూయకండి, న్ అని నాలుక ఆనించకండి, ముక్కులోంచి వదిలేయండి. ఈ ముక్కు తేడా లేకపోతే పావఁ అని రొట్టె అడగబోయి పావ్ అంటారు, అది కర్ర, దానికి ఇంకో అర్థం కూడా ఉంది, బేకరీలో నన్ను చూసి ఇద్దరమ్మాయిలు లోపలికి పరిగెత్తారు, ఎందుకో నేను ఇక్కడ రాయను.

అన్నిటికన్నా నాకు నచ్చింది మాట చివర అచ్చు తగిలించే అలవాటు. మనం బస్సు, కారు, లైటు అని ఉ తగిలిస్తాం, వాళ్ళు ఇ తగిలిస్తారు. ఫేసిబుకి, హోచి డోగి, ఇంతెర్నెచి. పెద్దావిడ మనవడు ఫేసిబుకి అన్న ప్రతిసారీ నాకు మా ఊరి వీడియోగ్రాఫర్ ఫేసుబుక్కు అన్నట్టే వినపడేది.

జవాబు చెప్పే పద్ధతి కూడా మనదే. ఇంగ్లీషులో ప్రతిదానికీ యెస్, నో అనాలి. తెలుగులో "చూశావా?" అంటే "చూశా" అంటాం. పోర్చుగీసులోనూ "వొసే వీవ్?" అంటే "వీ" అంటారు, చూశా అని. "కేర్?" కావాలా, "కేరు", కావాలి. మీరు సీఁ సీఁ అని తలూపుతుంటే అర్థమవుతుంది గానీ పరాయిగా ఉంటుంది, క్రియనే తిప్పి చెప్పండి, సగం ఊరివాళ్ళయిపోతారు. చివర "నే?" తగిలిస్తే మన "కదా?". వద్దు అనేటప్పుడు "నావఁ కేరు నావఁ" అని ముందొకటి వెనకొకటి పెడతారు, "వద్దంటే వద్దు" లాగా. మనం అని చెప్పడానికి పుస్తకంలో ఉన్న నొయిస్ వదిలేసి "అ జెంచి" వాడండి, ఇంట్లో అందరూ అదే అంటారు, క్రియ మాత్రం అతను, ఆమెకి వాడేదే పెట్టాలి, "అ జెంచి వే" అంటే మనం చూస్తాం.

మర్యాద విషయం. మీ ఆవిడతో వొసే చాలు, తొందరలో సే అంటారు. కానీ రేపు అక్కడ ఇంటి ఓనరు పెద్దావిడైతే "అ సెఞోర" అనండి, అదే మన "మీరు". నేను తెలీక మూడు వారాలు వొసే వొసే అన్నాను, ఆవిడేమీ అనలేదు పాపం, మనవడు కూడా తన బామ్మతో అ సెఞోర అనడం విన్నాక నాలుక కరుచుకున్నాను.

ఇప్పుడు గ్రామర్. బేరమాడటం మొదలెడితే మీకు తెలీకుండానే ఒక కష్టమైన రూపం వచ్చేస్తుంది. "క్వాందు అకబార్ ఉ జోగు, అ జెంచి వే అ నోవెలా", మ్యాచ్ అయిపోయాక నోవెలా చూద్దాం. "సి వొసే దెషార్, అమఞాఁ వొసే ఇస్కోల్యి", నువ్వు ఒప్పుకుంటే రేపు నువ్వే ఎంచుకో. ఇందులో అకబార్, దెషార్ అనేవి భవిష్యత్తులో జరిగితే అనే అర్థమిచ్చే ప్రత్యేక రూపం, పుస్తకాల్లో ఎక్కడో చివరి పాఠాల్లో పెద్ద పేరుతో పెట్టి భయపెడతారు, బ్రెజిల్లో ఐదేళ్ళ పిల్ల చాక్లెట్ కోసం వాళ్ళమ్మతో రోజూ వాడుతుంది. మనకి "ఒప్పుకుంటే" "అయిపోతే" అని ఆ -తే ఉందిగా, దాని బదులు ఇది అనుకోండి. ఎక్కువ క్రియలకి మూలరూపమే దిగుతుంది కాబట్టి కొత్తగా బట్టీ పట్టేది తక్కువ. కొన్ని మాత్రం తిరకాసు, వాటిలో వేర్ ఒకటి, చూస్తే అనడానికి పుస్తకం ప్రకారం "సి వొసే వీర్" అనాలి, కానీ జనం చాలామంది "సి వొసే వేర్" అనేస్తారు, మీరు అక్కడికెళ్ళి వాళ్ళని సరిదిద్దకండి దయచేసి.

అలాగే "ఎ షాతు" అంటే ఆ వస్తువే బోరు, "తా షాతు" అంటే ఇవాళ బోరుగా ఉంది. మ్యాచ్ నడుస్తుండగా ఆవిడ "తా షాతు, నే?" అనేది, మనవడు "అ నోవెలా ఎ షాత!" అని అరిచేవాడు. ఆ రెండు క్రియల తేడా ఏ పుస్తకంలోనూ నాకు అంత బాగా దిగలేదు.

ఇంట్లో ఎలా పెట్టుకోవాలంటే, రిమోట్ టీపాయ్ మీద మధ్యలో పెట్టండి. టైమర్ పది నిమిషాలు. ఇద్దరూ ఒక్కోటి చెప్పాలి, ఎందుకో కారణం చెప్పాలి, అవతలిది ఎందుకు వద్దో చెప్పాలి. తెలుగులోకి జారినవాళ్ళు ఓడినట్టు. నేయ్ఁ పెన్సార్ రోజుకి ఒక్కసారే వాడాలి, లేకపోతే అదొక్కటే పట్టుకుని కూర్చుంటారు, మా స్నేహితుడి ఇంట్లో అలాగే అయింది. నిజంగా ఇష్టం లేనిదే వాదించకండి, మీకు క్రైమ్ ఇష్టమైతే క్రైమే అడగండి, ఉత్తుత్తి గొడవ రెండ్రోజుల్లో చప్పబడిపోతుంది. ఇరుక్కున్న చోట ఆగిపోకుండా "సేయ్ లా", ఏమో మరి, అనేసి ముందుకి పోండి, ఆ రాని మాట కాగితం మీద రాసుకుని పడుకునేముందు వెతకండి. రోజుకి మూడు కొత్త మాటలు చాలు.

పెట్టాక సబ్‌టైటిల్స్ పోర్చుగీసువే పెట్టండి, ఇంగ్లీషు వద్దు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, హాలీవుడ్ సినిమాకి పోర్చుగీసు డబ్బింగూ పోర్చుగీసు సబ్‌టైటిలూ రెండూ పెట్టుకుంటారు, రెండూ వేరేవేరే చోట తయారవుతాయి కాబట్టి నోరు ఒకటి చెప్తుంటే కింద ఇంకోటి రాస్తుంది, బుర్ర తిరుగుతుంది. మొదట్నుంచీ బ్రెజిల్లో తీసిందే పెట్టుకోండి. దుబ్లాదూనా లెజెందాదూనా, అంటే డబ్బింగా సబ్‌టైటిలా, అనేది అక్కడ ప్రతి ఇంట్లో ఉండే గొడవ, మీరు కూడా ఒక పక్షం ఎంచుకుని పెట్టుకోండి, ఆఫీసు లంచ్‌లో పనికొస్తుంది.

ఇంకోటి, అక్కడ మీరు ఇండియన్ అని తెలియగానే కాస్త వయసున్నవాళ్ళు "ఆరే బాబా!" అంటారు, కంగారుపడకండి. 2009లో గ్లోబో ఛానెల్ మన దేశం కథతో కమిన్యు దాస్ ఇన్‌జియాస్ అని ఒక నోవెలా వేసింది, అంతా బ్రెజిల్ నటులే చీరలు కట్టి వేషాలు వేశారు, ఆ ఏడాది దానికి ఇంటర్నేషనల్ ఎమ్మీ కూడా వచ్చింది, ఆరే బాబా అందులోంచి వీధుల్లోకి వచ్చిన మాట. మా పెద్దావిడ నేను రిమోట్ ఇవ్వనన్నప్పుడల్లా చేతులు జోడించి మరీ ఆరే బాబా అనేది. మీ ఇళ్ళలో అందరూ అలా మెట్ల మీద డాన్సులు చేస్తారా అని అడిగింది ఒకరోజు. పెళ్ళిళ్ళలో చేస్తాం అన్నాను, వాక్యం సరిగ్గా రాలేదు, రోజూ పెళ్ళి చేసుకుంటాం అన్నట్టు వచ్చిందట.

కింద కామెంట్లలో ఒకరు పోర్చుగల్‌లో లిస్బన్ వెళ్తున్నా నాకూ ఇదే పనిచేస్తుందా అని అడిగారు. పద్ధతి పనిచేస్తుంది, మాటలు మారతాయి. రిమోట్‌ని బ్రెజిల్లో కొన్‌త్రోలి అంటే పోర్చుగల్‌లో కొమాందు, తెర బ్రెజిల్లో తేల పోర్చుగల్‌లో ఎక్రాఁ, చూస్తున్నా అనడానికి కూడా క్రియ వేరేలా కడతారు. అచ్చులు మింగేస్తారు, బ్రెజిల్ వాళ్ళకే మొదట్లో అర్థం కాదు. పైగా పోర్చుగల్ టీవీలో పెద్దవాళ్ళ విదేశీ సినిమాలు ఎక్కువగా అసలు భాషలోనే సబ్‌టైటిల్స్‌తో వస్తాయి, కాబట్టి చెవికి పోర్చుగీసు కావాలంటే అక్కడి షోలు వెతుక్కోవాలి. వెళ్ళే దేశం ఏదో తేల్చుకుని దాని యాసే పట్టుకోండి, రెండూ కలిపితే ఎటూ కాకుండా పోతారు. ఎటు వెళ్ళాలో తేలనివాళ్ళు బ్రెజిల్‌దే నేర్చుకోండి, 2022 లెక్కల్లో అక్కడ జనం 20 కోట్ల పైన, పోర్చుగల్‌లో కోటి.

పరీక్ష గురించి కూడా అడిగారు కదా, సెల్పి బ్రాస్. బ్రెజిల్ ప్రభుత్వం పెట్టే పోర్చుగీసు పరీక్ష, మాట్లాడే భాగం 20 నిమిషాలు. ఎదురుగా ఒకరు కూర్చుని ఫోటోలు, చిన్న చిన్న పేపర్ కటింగులు లాంటివి చూపించి వాటి మీద కబుర్లాడతారు, మీకేమనిపిస్తోంది, ఎందుకు, మీ దేశంలో ఎలా అని. గ్రామర్ ప్రశ్నలు ఉండవు. మీకు ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, ఎందుకు నచ్చలేదు అని ఆరు నెలలు టీపాయ్ దగ్గర అరిచినవాళ్ళకి అదేం కొత్త కాదు. నేను పరీక్షలో ఒక ఫోటో చూసి నోరు జారి "ఫాల సేరియు" అనేశాను, ఎదురుగా కూర్చున్నావిడ నవ్వి ఏదో రాసుకుంది, మార్కులు పోలేదు.

ఇవాళ రాత్రి మొదటి మాట మీ ఆవిడకి వదిలేయండి. ఆవిడ "వామూస్ వేర్..." అని సాగదీస్తే మాత్రం సోఫాలో కూర్చోకండి, ముందు రిమోట్ ఎవరి చేతిలో ఉందో చూసుకోండి.